అంచు విడిచేదాకా ఆగాలి

ఈ శీర్షికలో ఇంతవరకు మన ఇళ్లలో చేసుకొనే వంటలను, ఇరుగుపొరుగున ఉన్న ఛత్తీస్‌గఢీ, బెంగాలీ, పంజాబీ కుటుంబాల నుండి మనం నేర్చుకొన్న వంటలను పరిచయం చేస్తూ వచ్చాము. ఈసారి చాలా దూరం వెళ్లవలసి వచ్చింది. ఇటలీ దేశపు ఈశాన్య మూలన, ఆస్ట్రియా, స్లొవేనియా దేశాల సరిహద్దున ఫ్రియూలి అనే ప్రాంతం ఉన్నది. అక్కడి పల్లెవాసులు శతాబ్దాలుగా చేసుకొంటున్న "ఫ్రీకో" అనే వంటకం ఈ నెల మా విషయం. బంగాళాదుంప, ఉల్లిపాయ, చీజ్, ఈ మూడింటిని పెనం మీద కలిపి, రెండు వైపులా ఎర్రగా కాల్చి, ముక్కలుగా కోసుకొని తినే రొట్టె వంటిది ఫ్రీకో. ఇందులో పిండి లేదు, గుడ్డు లేదు, మసాలా లేదు.

మరోదాలో ఉంటూ ఇటలీ పల్లెటూరి వంట మీద మనసు పోవడానికి కారణమేమిటని పాఠకులు అడగవచ్చును. కారణం మా ఇంటి విషయమే. మా అమ్మాయి ఉన్నత విద్యకై ఊదినే పట్టణంలోని విశ్వవిద్యాలయంలో చేరి ఏడాది దాటింది. ఊదినే ఫ్రియూలి ప్రాంతానికి ముఖ్య పట్టణం. అమ్మాయి వెళ్లినది మొదలు మా అత్తగారికి ఒకటే దిగులు. మనం రాత్రి భోజనానికి కూర్చొనే వేళకు అక్కడ ఇంకా మధ్యాహ్నమో, సాయంకాలమో అయి ఉంటుంది. ప్రతి రాత్రీ కంచం ముందు కూర్చొని ఆమె అడిగే ప్రశ్న ఒక్కటే. "పిల్ల ఏం తిన్నాదో?" ఆ ప్రశ్నకు మా వద్ద సమాధానం ఉండేది కాదు. అడిగి అడిగి, చివరకు ఆమె తన కంచంలోని అన్నం కూడా సగానికి సగం విడిచిపెట్టడం మొదలుపెట్టారు.

ఒక ఆదివారం ఫోనులో మాట్లాడుతుండగా అమ్మాయి తన పెనం చూపించింది. "నానమ్మా, ఇది ఫ్రీకో. ఇక్కడ అందరి ఇళ్లలోనూ చేస్తారు. నేనూ నేర్చుకొన్నాను" అన్నది. అత్తగారు కళ్లజోడు సరిచేసుకొని చూశారు. "అది దిబ్బరొట్టె కాదటే?" అన్నారు. కాదని, అందులో ఉన్నవి దుంపలూ చీజూ అని చెప్పగా ఆమె మరింత కంగారు పడ్డారు. "నేను రుచి చూడని తిండి పిల్లకు సరిపడుతుందో లేదో నాకెలా తెలుస్తుంది?" అన్నారు. ఆ ఫ్రీకోను ఇక్కడ చేసి ఆమెకు పెట్టవలెనని ఆనాడే నిశ్చయించుకొన్నాము. అనుకొన్నంత సులభంగా జరగలేదు. నాలుగవ ప్రయత్నంలో గాని కుదరలేదు. ఆ మూడు అపజయాలనూ దాచుకోకుండా ఇక్కడ చెబుతున్నాము. పాఠకులకు వాటి వలననే ఎక్కువ మేలు కలుగుతుందని మా నమ్మకం.

ముందుగా మాటను గురించి ఒక మాట. మన నిఘంటువులు చీజ్ అనే మాటకు "జున్ను" అని అర్థం చెబుతున్నాయి. మనకు జున్ను అంటే వేరు. ఆవో, గేదో ఈనిన తరువాత మొదటి రెండు మూడు రోజులు ఇచ్చే చిక్కటి పాలలో బెల్లం, మిరియాలు, యాలకులు వేసి ఆవిరి మీద ఉడికిస్తే, ఏ తోడూ అక్కరలేకుండా అదే గట్టిపడుతుంది. ముర్రుపాలలో ఉండే ప్రత్యేకమైన మాంసకృత్తులు వేడికి పేరుకోవడం వలన అలా జరుగుతుంది. చీజ్ అలా కాదు. మామూలు పాలను "రెన్నెట్" అనే పదార్థంతో విరిచి, నీటిని ఒత్తి తీసివేసి, ఉప్పు పట్టించి, నెలల తరబడి మాగబెడతారు. మా అత్తగారు "జున్ను" అన్న మాట విని, "ఇన్ని నెలలు నిలవ ఉంచితే పాడైపోదూ?" అని అడగడంలో తప్పేమీ లేదు. తప్పు నిఘంటువుది. అందువలన ఈ వ్యాసంలో మేము చీజ్ అనే మాటనే వాడుతున్నాము.

ఫ్రీకోకు వాడే చీజ్ పేరు మొంతాజియో. ఫ్రియూలి ఉత్తర భాగాన ఆల్ప్స్ పర్వతాలలో 2750 మీటర్లకు పైగా ఎత్తైన మొంతాజియో శిఖరం ఉన్నది. ఆ పేరే ఈ చీజ్‌కు వచ్చింది. పుట్టిన ప్రాంతపు పేరును కాపాడే ఐరోపా గుర్తింపు దీనికి 1996లో లభించింది. ఆవుపాలతో చేసే ఈ చీజ్‌ను రెండు నెలలు మాగబెట్టి లేతగా అమ్ముతారు. అయిదు నెలలు దాటినది మధ్యరకం. పది నెలలు దాటితే ముదురు. లేతది చక్కగా కరుగుతుంది, ముదురుది రుచినిస్తుంది. అందుచేత అక్కడి గృహిణులు రెండు మూడు వయసుల చీజ్‌ను కలిపి ఫ్రీకో చేస్తారు.

ఈ వంట పుట్టుక పేదరికంలో ఉన్నది. చీజ్ చక్రాలను అచ్చులలో వేసి ఒత్తినప్పుడు అంచుల వెంట తునకలు పొడుచుకొని వస్తాయి. వాటిని కోసివేస్తారు. మంచి చక్రం సంతకు పోతుంది, తునకలు ఇంట్లో మిగులుతాయి. ఆ తునకలను పారవేయక పెనం మీద వేసి కాల్చుకొన్నదే తొలినాటి ఫ్రీకో. 15వ శతాబ్దంలో మార్తీనో అనే ప్రసిద్ధ వంటవాడు అక్విలేయా మతాచార్యుని కొలువులో ఉండేవాడు. ఆయన వ్రాసిన పాకశాస్త్ర గ్రంథంలో దీనికి పూర్వరూపం కనిపిస్తుంది. మరీ ముదురూ మరీ ఉప్పనా కాని వెన్నగల చీజ్‌ను ముక్కలుగా కోసి, చిన్న పెనాలలో కొద్ది వెన్న వేసి నిప్పుల మీద కాల్చి, మెత్తబడగానే తిరగవేసి, పైన చక్కెర, దాల్చినచెక్క పొడి చల్లి, వేడివేడిగా వడ్డించమని ఆయన చెప్పాడు. అందులో బంగాళాదుంప లేదు. ఉండడానికి వీలూ లేదు. దుంప అమెరికా ఖండం నుండి ఐరోపా చేరినది 16వ శతాబ్దంలో. అది పొలాలలోకి, పేదల పెనాల మీదకు రావడానికి ఇంకా చాలాకాలం పట్టింది. మనకూ అంతే. బంగాళాదుంప అనే పేరే అది బంగాళం వైపు నుండి మన వద్దకు నడిచి వచ్చిందని చెబుతున్నది. పరాయి నేల నుండి వచ్చిన దుంపను కలుపుకొని, కొద్దిపాటి చీజ్‌తో నలుగురి కడుపు నింపగల వంటగా ఫ్రీకో మారింది. నేడు "సంప్రదాయ వంట" అని పిలువబడుతున్నది ఆ మార్పు చెందినదే.

ఇక మా ప్రయత్నాలకు వస్తాము.

మొదటిసారి పనీరుతో చేశాము. సుపేలా సంతలో దుంపలు కొన్నాము, పనీరు మనకు ఎక్కడైనా దొరుకుతుంది. తురిమి దుంపలలో కలిపి ఎంతసేపు ఉంచినా పనీరు కరగలేదు. పలుకులు పలుకులుగా వేగి, మంచి వేపుడు అయింది. తిన్నాము, బాగున్నది, కాని అది ఫ్రీకో కాదు. కారణం తరువాత తెలిసింది. పనీరును మరిగే పాలలో నిమ్మరసం వంటి పులుపు వేసి విరుస్తాము. ఆ వేడికీ, ఆ పులుపుకూ పాలలోని మాంసకృత్తులు ఒకదానినొకటి గట్టిగా పట్టుకొంటాయి. మళ్లీ ఎంత వేడి చేసినా ఆ పట్టు సడలదు. రెన్నెట్‌తో విరిచిన చీజ్‌లో కట్టు సున్నపు లవణాల ఆధారంగా ఉంటుంది, వేడికి సడలి సాగుతుంది. పనీరు మసాలా కూరలో ముక్క చెదరకుండా నిలిచే గుణమే ఫ్రీకోకు పనికిరాని గుణమయింది.

రెండవసారి అంగడిలో దొరికే డబ్బా చీజ్‌తో చేశాము. ఇది "ప్రాసెస్డ్ చీజ్". చీజ్‌ను కరిగించి, అందులోని కొవ్వు, నీరు విడిపోకుండా కొన్ని లవణాలు కలిపి మళ్లీ అచ్చుపోసినది. రొట్టె ముక్కల మధ్య పెట్టుకొనడానికి బాగుంటుంది. ఫ్రీకోకు మాత్రం కొవ్వు విడిపోవలెను. చీజ్ తనలోని కొవ్వును తానే వదిలి, ఆ కొవ్వులోనే తాను వేగవలెను. అదే ఈ వంట కిటుకు. మేము చేసినది బంక వలె పెనానికి అతుక్కొన్నది. పెనం తోమడానికి వంట చేసినంతసేపూ పట్టింది.

మూడవసారి మా అబ్బాయి రాయ్‌పూర్ వెళ్లినప్పుడు గౌడా చీజ్ తెచ్చాడు. ఇది రెన్నెట్‌తో విరిచి మాగబెట్టిన అసలైన చీజ్. మన దేశంలోనే తయారవుతున్నది. ఇక్కడ శాకాహారులకు ఒక ముఖ్య విషయం. ఐరోపాలో సంప్రదాయ చీజ్‌లకు వాడే రెన్నెట్ లేగదూడ పొట్ట నుండి తీసినది. మొంతాజియో కూడా అట్టిదే. మామగారు పోయిన తరువాత మా అత్తగారు మాంసాహారం మానివేశారు. కాబట్టి ఈ విషయం మాకు పట్టింపు గలది. మన దేశపు తయారీదారులు సూక్ష్మజీవుల నుండి తీసిన రెన్నెట్ వాడుతున్నారు. పొట్లం మీద ఆకుపచ్చ గుర్తు చూసి కొనవలెను. గుర్తు చూపించిన తరువాతనే అత్తగారు ఆ పొట్లాన్ని వంటింట్లోకి రానిచ్చారు.

చీజ్ సరిగ్గా కరిగింది. దుంపతో కలిసి ఒక ముద్దయింది. పెనం మీద పరిచాము. వాసన ఇల్లంతా కమ్ముకొన్నది. ఆతురత ఆపుకోలేక మూడు నిమిషాలకే అట్లకాడ దూర్చాము. అడుగు పెనాన్నే పట్టుకొని ఉండిపోయింది, పైభాగం మూడు ముక్కలై చేతికి వచ్చింది. తిరిగి కలిపి కాల్చబోయాము, మాడింది. ఆ రాత్రి అమ్మాయి ఫోను చేసి అడిగితే నవ్వి ఊరుకొన్నాము. అత్తగారు మాత్రం నవ్వలేదు. "మళ్లీ చేసినప్పుడు నన్ను పిలు" అన్నారు.

నాలుగవ ప్రయత్నం వివరాలు, కొలతలతో సహా ఇవి.

నలుగురికి కావలసినవి: బంగాళాదుంపలు అరకిలో, గౌడా వంటి మాగిన చీజ్ 300 గ్రాములు, పెద్ద ఉల్లిపాయ ఒకటి, నూనె రెండు చెంచాలు, మిరియాల పొడి, ఉప్పు. ఫ్రియూలిలో చీజ్ ఇంతకంటె ఎక్కువగా, కొందరు దుంపలతో సమానంగా కూడా వేస్తారు. ఖరీదు, కొవ్వు రెండూ తలచుకొని మేము తగ్గించాము. రుచికి లోటు రాలేదు.

దుంపల ఎంపికలో జాగ్రత్త అవసరం. శీతల గిడ్డంగిలో చాలాకాలం ఉన్న దుంపలలో పిండిపదార్థం కొంత చక్కెరగా మారుతుంది. అవి తియ్యగా ఉండడమే గాక పెనం మీద తొందరగా నల్లబడతాయి. లోపల ఉడకకుండానే పైన మాడినట్లు కనబడి మనలను తొందరపెడతాయి. శీతాకాలపు పంట అయితే మేలు. గిడ్డంగి దుంపలే దొరికితే వారం పది రోజులు వంటింట్లో, వెలుతురు తగలని చోట ఉంచి వాడవలెను. ఆ చక్కెర చాలావరకు తగ్గుతుంది.

దుంపల చెక్కు తీసి, కొబ్బరి కోరు కంటె లావుగా తురమవలెను. తురుమును నీళ్లలో వేయరాదు. పిండి కొట్టుకుపోతే ముద్ద కట్టదు. మందమైన ఇనుప పెనంలో నూనె వేసి, సన్నగా తరిగిన ఉల్లిపాయను సన్నని మంట మీద మెత్తబడేవరకు మగ్గించవలెను, ఎర్రబడనీయరాదు. దానిలో దుంప తురుము, చిటికెడు ఉప్పు, పావు గ్లాసు నీరు వేసి మూతపెట్టి, మధ్య మధ్య కలుపుతూ ఇరవై నిమిషాలు ఉడికించవలెను. గరిటెతో అదిమితే నలిగేటట్లు ఉండవలెను. నీరంతా ఇగిరిన పిదప తురిమిన చీజ్ కొద్ది కొద్దిగా కలపవలెను. రెండు మూడు నిమిషాలలో అంతా ఒకే ముద్దయి, గరిటె వెంట కదులుతుంది. అప్పుడు మిరియాల పొడి వేసి, రుచి చూసి, అవసరమైతేనే ఉప్పు వేయవలెను. చీజ్‌లో ఉప్పు ఎలాగూ ఉంటుంది. ముద్దను పెనం నిండా వేలెడు మందాన పరచి, అంచులు సవరించి, మధ్యరకం మంట మీద ఉంచవలెను.

ఇక్కడి వరకు మేము చేశాము. తరువాతి పని అత్తగారు చేశారు.

ఆమె పీట వేసుకొని కూర్చోలేదు. పొయ్యి ముందు నిలబడి, రెండు చేతులూ వెనక్కు పెట్టుకొన్నారు. పెనాన్ని ముట్టుకోలేదు, మమ్మల్ని ముట్టుకోనివ్వలేదు. నాలుగు నిమిషాలయ్యాక అంచుల వెంట సన్నని నురగ లేచింది. "ఇంకా కాదు" అన్నారు. ఆరు నిమిషాలకు నురగ తగ్గి, నేతిరంగు కొవ్వు అంచుల వెంట తేలింది. "ఇప్పుడు కూడా కాదు." ఎనిమిదవ నిమిషానికి అంచు తనంతట తాను పెనం నుండి వెంట్రుకవాసి ఎడమైంది. పెనం పట్టి కొద్దిగా కుదిపారు. రొట్టె మొత్తం ఒక్కసారిగా జరిగింది. "అదిగో, విడిచింది. అంచు విడిచేదాకా ఆగాలమ్మా. మనం విడిపిస్తే విరుగుతుంది" అన్నారు.

దీనిలో శాస్త్రం కూడా ఉన్నది. చీజ్‌లోని మాంసకృత్తులు వేడి లోహానికి తగలగానే అంటుకొంటాయి. లోపలి తడి ఆవిరై, అడుగున ఎర్రని పొర గట్టిపడినప్పుడు గాని ఆ పట్టు వదలదు. ఆమెకు ఈ శాస్త్రం తెలియదు. అరవై ఏళ్లపాటు ఇనుప మూకుట్లో దిబ్బరొట్టె వేసిన చేయి ఆమెది. మినప్పిండి అయినా, ఇటలీ చీజ్ అయినా ఇనుము ఒకే విధంగా పట్టుకొంటుంది, ఒకే విధంగా వదులుతుంది.

తరువాత తేలిన కొవ్వును చిన్న గిన్నెలోకి వంచివేయమన్నారు. ఫర్నేసు నుండి స్లాగు వంచినట్లున్నదని మా అబ్బాయి అనగా, కోక్ ఓవెన్లలో ముప్పై ఏళ్లు పనిచేసిన మామగారిని తలచుకొని ఆమె చిన్నగా నవ్వారు. పెనం మీద వెడల్పాటి పళ్లెం బోర్లించి, గుడ్డతో రెండింటినీ గట్టిగా పట్టుకొని, ఒక్క ఊపున తిరగవేయించి, పళ్లెంలోకి వచ్చిన రొట్టెను మళ్లీ పెనంలోకి జార్చారు. పైకి వచ్చిన వైపు రాగిచెంబు రంగులో ఉన్నది. రెండవ వైపు అయిదారు నిమిషాలు సరిపోయింది. ముక్కలుగా కోస్తే పైన కరకర, లోపల తీగలు సాగే మెత్తదనం.

ఫ్రియూలిలో ఫ్రీకోను "పొలెంతా"తో తింటారు. మొక్కజొన్న పిండిని నీళ్లలో కలియబెట్టి ఉడికించిన సంకటి అది. మన రాగి సంకటికి, జొన్న సంకటికి సమీప బంధువు. ఇక్కడ తలచుకోదగిన విషయం ఒకటి ఉన్నది. 18, 19 శతాబ్దాలలో ఉత్తర ఇటలీ పేదలు సంవత్సరం పొడవునా మొక్కజొన్న సంకటి మీదనే బ్రతకడం వలన "పెల్లాగ్రా" అనే వ్యాధి ప్రబలింది. చర్మం మాడినట్లయి, విరేచనాలతో కృశించి, మతి చలించి మరణించేవారు. నియాసిన్ అనే విటమిన్ లోపం దీనికి మూలం. దక్కను పీఠభూమిలో జొన్నలనే ప్రధానాహారంగా తినే పేదలలో కూడా ఈ వ్యాధి కనిపించింది. 1960వ దశకంలో హైదరాబాదులోని పోషకాహార పరిశోధనశాలలో డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు దాని కారణాలపై చేసిన పరిశోధనలు ప్రపంచ ప్రసిద్ధి పొందాయి. పాలలోని మాంసకృత్తుల నుండి శరీరం ఆ విటమిన్‌ను కొంత తయారుచేసుకొనగలదు. సంకటి పక్కన చిన్న చీజ్ తునక ఉండడం నాలుకకు రుచి మాత్రమే కాదు, పేదవానికి రక్షణ. మన పెద్దలు సంకటిలో మజ్జిగ పోసుకొనడంలోనూ ఆ మేలే ఉన్నది. మేము ఫ్రీకోను వేడి అన్నం, టమాటా పచ్చడితో తిన్నాము. పచ్చడి పులుపు ఆ కొవ్వును చక్కగా విరుస్తుంది. ఇటలీవారు క్షమింతురు గాక.

అత్తగారు మొదటి ముక్క నోట పెట్టుకొని చాలాసేపు నమిలారు. మేమందరం ఆమె ముఖం వంకనే చూస్తున్నాము. "ఉప్పు సరిపోయింది. బలమైన తిండే. చలిదేశానికి మంచిదే" అన్నారు. మరొక ముక్క అడిగారు. ఆ తరువాత కంచం పక్కకు పెట్టి, పెనం తెమ్మని, అంచులకు అంటుకొన్న ఎర్రటి చెక్కును అట్లకాడతో గీరి నోట వేసుకొన్నారు. అది ఆమె పాత అలవాటు. 1962లో పార్వతీపురం దగ్గరి పల్లె నుండి, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రైలులో కొత్త కోడలుగా భిలాయి వచ్చినప్పుడు ఆమెకు ఇక్కడి మాట రాదు, ఇక్కడి తిండి ఎరుగదు. గోంగూర గింజలు కొంగున కట్టుకొని వచ్చి క్వార్టరు పెరట్లో చల్లుకొన్నారట. ఎనిమిదిమంది తిన్న తరువాత, గిన్నె అడుగున మిగిలిన మాడుచెక్కే తన వాటాగా ఎన్నో ఏళ్లు గడిపారు. "అందరూ వదిలేసిందే నాకు రుచి" అంటుండేవారు. అది నిజంగా రుచియో, మాకు లోటు తెలియకుండా చెప్పిన మాటయో ఇన్నేళ్లూ మేము ఆలోచించలేదు. చీజ్ తునకలతో ఈ వంట కనిపెట్టిన ఫ్రియూలి ఇల్లాళ్లు కూడా అదే మాట చెప్పి ఉంటారని ఆనాడు మాకు తోచింది.

ఆ ప్రజలకూ మన భిలాయి తెలుగువారికీ మరొక పోలిక ఉన్నది. వారూ పొట్ట చేతబట్టుకొని లోకమంతా తిరిగినవారే. 19వ శతాబ్దపు చివరి నుండి లక్షలాది ఫ్రియూలివాసులు ఇతర ఐరోపా దేశాలకు, అమెరికా ఖండాలకు, ఆస్ట్రేలియాకు వలసపోయారు. వెళ్లిన చోటల్లా "ఫొగొలార్ ఫుర్లాన్" అనే పేరుతో సంఘాలు పెట్టుకొన్నారు. ఫొగొలార్ అంటే వారి పాత ఇళ్లలో నట్టింట ఉండే పొయ్యి. పరాయి దేశంలో తమ సంఘానికి వారు పొయ్యి పేరు పెట్టుకొన్నారు! వారి ఇంటిభాష ఫ్రియూలీ ఇటాలియన్ కంటె వేరైనది. ఆ భాషకు ఇటలీ ప్రభుత్వ చట్టంలో రక్షణ లభించినది 1999లో. ఇంట ఒక భాష, వీధిలో మరొక భాష మాట్లాడడం మనకు కొత్త కాదు కదా.

1976 మే 6వ తేదీ రాత్రి ఆ ప్రాంతాన్ని పెనుభూకంపం కుదిపివేసింది. దాదాపు వేయిమంది మరణించారు, పల్లెలకు పల్లెలు నేలమట్టమయ్యాయి. పునర్నిర్మాణంలో ముందు కర్మాగారాలు, తరువాత ఇళ్లు, ఆ తరువాతనే చర్చీలు అనే క్రమాన్ని పాటించారు. పని నిలిస్తే మనుషులు నిలుస్తారని వారి ఆలోచన. ఉక్కు కర్మాగారం చుట్టూ బ్రతుకులు కట్టుకొన్న మనకు ఆ ఆలోచన ఇట్టే అర్థమవుతుంది. ప్రపంచమంతటి ఉక్కు కర్మాగారాలకు యంత్రాలు తయారుచేసే దానియేలీ సంస్థ ప్రధాన కేంద్రం ఊదినే పక్కనున్న బుత్రియో గ్రామంలోనే ఉన్నదని తెలిసినప్పుడు మా అత్తగారికి ఆ ఊరు మరికొంత దగ్గరయింది. మా అమ్మాయి చదువుతున్న విశ్వవిద్యాలయం కూడా ఆ భూకంపం తరువాత, ప్రజల కోరికపై 1978లో స్థాపింపబడినదే.

ఆ రాత్రి ఫోను మ్రోగగానే అత్తగారే తీసుకొన్నారు. కుశలప్రశ్నలు లేవు. "ఒసే, నువ్వు చూపించిన దాంట్లో అడుగు సరిగ్గా ఎర్రబడలేదు. తొందరపడి తిప్పుతున్నావు. అంచు విడిచేదాకా ఆగు" అని పాఠం చెప్పారు. అవతల నవ్వు వినిపించింది. ఊదినేలో ఉన్న పిల్లకు ఊదినే వంటను మరోదా నుండి దిద్దడం చూసి మేమూ నవ్వాము. ఆనాటి నుండి "పిల్ల ఏం తిన్నాదో" అనే ప్రశ్న మానలేదు. కాని కంచంలో అన్నం మిగలడం లేదు.

చేయదలచుకొన్న వారికి మరికొన్ని సూచనలు. పిజ్జాకు వాడే మొజరెల్లా ఒక్కటే వేస్తే నీరు వదులుతుంది, పొర గట్టిపడదు. గౌడాలో మూడవ వంతు వరకు కలుపుకోవచ్చును. ఇనుప పెనం కొత్తదైతే ముందుగా నూనె పట్టించి రెండు మూడుసార్లు కాల్చి ఉంచుకోవలెను. వంచివేసిన కొవ్వును పారవేయక మరునాడు దుంపల వేపుడుకు వాడుకోవచ్చును. రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవారు ఒక చిన్న ముక్కతో సరిపెట్టుకొనడం మంచిది, ఎందుకనగా చీజ్‌లో ఉప్పు, కొవ్వు రెండూ అధికం. దుంప లేకుండా చేసే కరకరలాడే ఫ్రీకో కూడా ఒకటి ఉన్నది. ముదురు చీజ్ తురుమును పెనం మీద పలుచగా చల్లి, ఎర్రబడగానే తీసి, వేడిగా ఉన్నప్పుడే బోర్లించిన గిన్నె మీద వేస్తే చల్లారి దొన్నె ఆకారంలో నిలుస్తుంది. పిల్లలకు అది వింతగా ఉంటుంది.

మన క్వార్టర్ల నుండి చదువులకు, ఉద్యోగాలకు దూరదేశాలు వెళ్లిన పిల్లలు చాలామంది ఉన్నారు. వారు అక్కడ ఏమి వండుకొంటున్నారో అడిగి తెలుసుకొని, ఒక్కసారి మన పొయ్యి మీద చేసి చూడమని పాఠకులను కోరుతున్నాము. కుదరకపోయినా ఫరవాలేదు. ఇంట్లోని పెద్దవారిని మాత్రం పొయ్యి దగ్గరకు పిలవడం మరువకండి. మీ అనుభవాలు వ్రాసి పంపితే ఈ శీర్షికలో సంతోషంగా ప్రచురింపగలము.